పందికొక్కు చేసిన ప్రయాణము

మొన్న నొకనాడు ఎనిమిదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “అయ్యా, మనము ఇంగ్లీషు మాటలను ఇన్ని పుచ్చుకొంటిమి గదా, వారు మన తెలుగునుండి ఒక్కటైనను తీసికొనలేదా?” యని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. తన యింట పలుకు మాట యెందుకును కొరగానిదని బాలుడు తలచుట మేలు గాదు.

నల్లబల్లపై ‘బాండికూట్’ అని వ్రాసి, మెల్లగా చదువుడంటిని. రెండవమారు చదువకమునుపే వెనుక బల్లనుండి “పందికొక్కు!” అని కేక వినబడెను.

అవును. చంద్రగిరి చుట్టుపట్ల వేరుసెనగ చేను గల రైతునకు ఈ జంతువును గూర్చి చెప్పనక్కరలేదు. పందివలె బలిసి, పందివలె గురుగురుమనుచు నేల త్రవ్వునది గనుక మనవారు దానికా పేరిడిరి. పదునెనిమిదవ శతాబ్ది చివరనే ఈ మాట ఆంగ్ల గ్రంథములకెక్కినది. పకారము బకారమాయెను, తుది యుకారము రాలిపోయెను. యూల్, బర్నెల్ అను పండితులు 1886లో ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు దీనిని తెలుగు మాటగనే చూపినది.

పిమ్మట మాట ఓడ యెక్కినది. 1788లో ఆస్ట్రేలియాలో వలస స్థాపించిన ఆంగ్లేయులు అచట పొడవు మూతితో నేల గోకు నొక చిన్న జంతువును జూచి, పోలికను బట్టి దానికిని ఈ పేరే పెట్టిరి. నిజమునకు అది యెలుకయే గాదు. కంగారువలె పిల్లలను సంచిలో మోయును. అయితే ఆ సంచి నోరు వెనుకకు తిరిగియుండును, త్రవ్వునపుడు మన్ను లోపల పడకుండుటకు. సృష్టిలోని యేర్పాటు చూడుడు! అక్కడ పేరు క్రియగా కూడ మారెను. ఆకులను పైన పచ్చగా నిలిపి, క్రింది ఉర్లగడ్డలను మాత్రము దొంగిలించుటను ‘బాండికూట్’ చేయుట యందురు. ఈ విద్య మన పందికొక్కునకు క్రొత్తది గాదు.

2018లో కేరళ యువకులు కొందరు తిరువనంతపురమున మురుగుకాలువల గోతులలోనికి దిగి శుభ్రపరచు యంత్రమునకు ఈ పేరే పెట్టిరి. అట్టి గోతులలో దిగిన మనుష్యులు విషవాయువు సోకి మరణించిన వార్తలు మన దేశమున నేటికిని వినబడుచున్నవి. వారికి బదులుగా దిగుటకే ఆ యంత్రము.

గంట మ్రోగిన పిదప ఆ బాలుడు నాయొద్దకు వచ్చి, “మా అవ్వతో చెప్పెదనండి. నిన్ననే గాదె క్రింద బోను పెట్టినది” అనెను.