బాగానే ఉన్నప్పుడు పరీక్షలెందుకు?



షోడశ సంస్కారాల్లో మొదటి మూడూ బిడ్డ పుట్టకముందు చేసేవే; సీమంతం వాటిలో మూడోది. కడుపుతో ఉన్న తల్లిని కనిపెట్టుకుని ఉండటం మన పెద్దలు చెప్పిందే. నెలనెలా డాక్టరు దగ్గర చేయించే పరీక్షలూ అందుకే. కానీ మనిషి బాగానే ఉంది కదా అని వాటిని వాయిదా వేస్తుంటాం. నేనూ వేయబోయాను.

రెండేళ్ల క్రితం మా ఆవిడకు ఎనిమిదో నెల. ఆ రోజు ఆఫీసులో రిలీజ్ ఉందని, అపాయింట్‌మెంట్ వచ్చే వారానికి మార్చుకుందామన్నాను. కానుపుకని ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "మీకు కుదరకపోతే ఎవరినైనా తోడు పంపండి బాబూ, మేం వెళ్లొస్తాం" అన్నారు. సిగ్గేసి నేనే తీసుకెళ్లాను. బీపీ 150/100 ఉంది. మళ్లీ చూసినా తగ్గలేదు, మూత్రంలో ప్రొటీన్ కూడా కనిపించింది. ప్రీఎక్లాంప్సియా అన్నారు. అప్పటికి ఆవిడకు కాళ్ల వాపు తప్ప ఏ బాధా లేదు. జాగ్రత్తగా చూస్తూ 37 వారాలకు కానుపు చేశారు. తల్లీబిడ్డా క్షేమం.

బాధ తెలియకుండా వచ్చేవి ముఖ్యంగా మూడు.

ఫోలిక్ యాసిడ్ లోపం: బిడ్డ మెదడు, వెన్నుపాము రూపు కట్టే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. అందుకే కనీసం నెల ముందు నుంచే రోజూ 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. అమెరికాలో 1998 నుంచి ఎన్‌రిచ్‌డ్ అని రాసే పిండిలో, బ్రెడ్‌లో దీన్ని తప్పనిసరిగా కలుపుతున్నారు. ఆ మాట లేని మన బియ్యం, గోధుమపిండి సంచుల్లో ఉంటుందని అనుకోవద్దు.

షుగర్: గర్భిణుల్లో వచ్చే షుగర్ మన దక్షిణాసియా వాళ్లకు ఎక్కువ. మామూలుగా 24–28 వారాల మధ్య పరీక్ష చేస్తారు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే మొదట్లోనే డాక్టరుకు చెప్పండి. అదుపు తప్పితే బిడ్డ మరీ పెద్దదై కానుపు కష్టమవుతుంది. పుట్టగానే బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవచ్చు.

బీపీ: 20 వారాల తర్వాత 140/90 చేరితే జాగ్రత్త పడాలి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, డొక్కల కింద నొప్పి, ముఖం ఉబ్బడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. కానుపు తర్వాత ఆరు వారాల వరకూ ఇది రావచ్చు.

నేను డాక్టర్ని కాను. మీ డాక్టరు చెప్పినట్టే చేయండి. మీ ఇంట్లో గర్భిణి ఉంటే, తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ ఇవాళే క్యాలెండర్‌లో రాయండి. తోడు వెళ్లేవాళ్లు లేని కుటుంబం మీకు తెలిస్తే, ఆ పూట మీరే కారు తీయండి. అదీ సేవే.