చిన్న నాణెము – పెద్ద ఊత

విద్యార్థులారా! నడక తడబడు బిడ్డను, చేయి స్వాధీనమునందు లేని బిడ్డను మన కాడుగోడి వీధులలో మీరు చూచియే యుందురు. చూచి జాలిపడి యుందురు. జాలి యొక్కటియే చాలునా?

కొందరు శిశువులకు పుట్టుకకు ముందో, పుట్టునప్పుడో, పిమ్మట కొలది కాలములోనో మెదడు దెబ్బతినును. తత్ఫలితమగు అవయవ దౌర్బల్యమునే సెరెబ్రల్ పాల్సీ, అనగా మస్తిష్క పక్షవాతము అందురు. మెదడునందలి దెబ్బ పెరుగదు. కాని బిడ్డ పెరుగును. ఎముక పెరిగినంత వేగముగా బిగిసిన కండరము సాగదు. కావున వ్యాయామ చికిత్స ఏండ్ల తరబడి జరుగవలెను. కాలికి కట్టు ఊతపట్టీలు పొట్టియైనప్పుడెల్ల మార్చవలెను. అందుచేత ఏటికొకమారు ఇచ్చు 120 రూపాయలకంటె నెలనెల తప్పక ఇచ్చు 10 రూపాయలు మేలు. లెక్కకు రెండును సమానమే; చికిత్సకు సమానములు కావు.

చిన్న నాణెము చేయగల మేలునకు చరిత్రలో సాక్ష్యము గలదు. కాళ్లు చచ్చుబడిన అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు 1938లో పోలియో నివారణకై ఒక నిధిని స్థాపించెను. ప్రజలు డాలరులో పదవవంతగు డైము నాణెములను లక్షల కొలదిగా పంపిరి. ఆ నిధి సాయముతోనే సాల్కు పండితుని టీకా సిద్ధమై, 1955లో సఫలమని ప్రకటింపబడెను. 2014లో మన దేశము పోలియో రహితమని ధ్రువీకరింపబడినది.

మన బెంగళూరునందును ఇట్టి కృషి గలదు. పోలియో బాధితురాలగు ఎన్. ఎస్. హేమగారు 1959లో స్థాపించిన వికలాంగుల సంస్థ నేడు ఏ.పి.డి. యను పేర ప్రసిద్ధము. ఇందిరానగరమున స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక కలదు; కాడుగోడి నుండి మెట్రోలో ఇందిరానగరము చేరవచ్చును. 1999 చట్టముచే ఏర్పడిన నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకము, నమోదు చేసికొన్న ఇట్టి బిడ్డలకు ఏటికి 1 లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పించుచున్నది.

తల్లిదండ్రులారా! అట్టి బిడ్డను సిగ్గుపడి ఇంట దాచకుడు. చికిత్స ఎంత ముందు మొదలైన అంత మేలు. 40 శాతము మొదలుకొని వైకల్యము గల బిడ్డలకు, 6 మొదలు 18 ఏండ్ల వరకు, సమీప పాఠశాలలో ఉచితముగా చదువుకొను హక్కును 2016 చట్టము ఇచ్చినది. అది భిక్ష కాదు.

అభ్యాసము: 40 మంది గల తరగతిలో ఒక్కొక్కరు నెలకు 10 రూపాయలిచ్చినచో ఏటికెంత యగును? లెక్క ముగించిన పిదప, మీ బల్లమీద అట్టి బిడ్డకు చోటున్నదో లేదో చూచుకొనుడు.