కాబోయే అల్లుడి మీద కేసులున్నాయా?

ప్రశ్న: మాది బల్లార్‌పూర్. మా అమ్మాయికి చంద్రపూర్ సంబంధం వచ్చింది. అబ్బాయి మీద కేసులేమైనా ఉన్నాయేమో ఎస్పీ ఆఫీసులో అడిగితే చెబుతారా?

జవాబు: చెప్పరండీ. కేసులు లేవని పోలీసులిచ్చే క్యారెక్టర్ సర్టిఫికెట్‌కు ఆ అబ్బాయే దరఖాస్తు పెట్టుకోవాలి, కాబోయే మామగారు కాదు. సమాచార హక్కు కింద అడిగినా, సెక్షన్ 8(1)(జె) చూపి, వ్యక్తిగత సమాచారమంటూ తోసిపుచ్చవచ్చు.

కోర్టు దారి మాత్రం తెరిచే ఉంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మహారాష్ట్ర, చంద్రపూర్ జిల్లా, కోర్టు ఎంచుకుని, పేరు, సంవత్సరం కొట్టండి. నడుస్తున్న కేసులు, తేలిపోయినవి రెండూ వెతకొచ్చు, ఫీజు లేదు. చిక్కల్లా పేర్లతోనే. మన ఇంటిపేరు అక్కడ చివరికి పోతుంది, స్పెల్లింగు గుమాస్తా దయ. నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. పేరు కలిసినంత మాత్రాన ఆ మనిషేనని అనుకోవద్దు, కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టూ కాదు. అతను ఉద్యోగం చేసిన వేరే జిల్లాల్లోనూ వెతకాలి.

2016 నాటి సుప్రీంకోర్టు ఆదేశంతో ఎఫ్‌ఐఆర్‌లను కూడా పోలీసులు ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. లైంగిక నేరాల వంటి సున్నితమైనవి అందులో ఉండవు.

నన్నడిగితే, ముందు సర్టిఫికెట్ తెచ్చి చూపమని అబ్బాయినే అడగండి. ఉద్యోగాలకు ఎందరో తీసుకునేదే, చిన్నబుచ్చుకునే పని లేదు.