గోడకు బూజు, పాపకు పిల్లికూతలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది బాన్సువాడ. స్లాబు ఇల్లు. చలి మొదలైన దగ్గర్నుంచి పడకగదిలో బీరువా వెనక గోడంతా నల్లచుక్కలు, ముక్క వాసన. మా ఆరేళ్ల పాపకు రాత్రయితే దగ్గు, పిల్లికూతలు. పగలు బడిలో బాగానే ఉంటుంది. కరోనా అప్పుడు వచ్చిన బ్లాక్ ఫంగస్ ఇదేనని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. సాంబ్రాణి వేస్తున్నాం, బీరువాలో కలరా ఉండలు పెట్టాం. ఇంకేం చేయాలి?
- ఒక సోదరి, బాన్సువాడ

జవాబు: ఆ బ్లాక్ ఫంగస్ ఇది కాదమ్మా. 2021లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి జనం పరుగెత్తింది మ్యూకర్‌మైకోసిస్‌తో. అదుపు తప్పిన షుగరుకు స్టిరాయిడ్లు తోడైనవాళ్లనే అది ఎక్కువగా పట్టుకుంది. గోడల మీద నల్లగా కనిపించేది సాధారణంగా క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజు. అలాగని వదిలేసేదీ కాదు. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఫ్లాటులో పెరిగిన రెండేళ్ల అవాబ్ ఇషాక్ 2020 డిసెంబరులో ఊపిరాడక చనిపోయాడు. అందుకు ఆ బూజే కారణమని విచారణలో తేలాక అక్కడ అద్దె ఇళ్ల కోసం చట్టమే తెచ్చారు.

ఉబ్బసం మామూలుగానే రాత్రిళ్లు పెరుగుతుంది. కాబట్టి తప్పంతా గోడదేనని ఇక్కడి నుంచి చెప్పలేను. కానీ బడిలో లేని దగ్గు ఆ గదిలో వస్తోందంటే, ఈ రాత్రి నుంచే పాప పక్క వేరే గదిలో వేయండి.

సాంబ్రాణి ఆపేయండి. ఆ పొగ బూజును చంపదు, పాప ఆయాసాన్ని మాత్రం పెంచుతుంది. దోమల చుట్టా అంతే. కలరా ఉండలతోనూ బూజు పోదు. వాటి దగ్గర పెట్టిన బట్టలు తొడిగితే, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిబిడ్డలకు రక్తకణాలు విరిగి కామెర్లు వస్తాయి.

బూజుకు కావలసింది నీళ్లు. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరని మీకు తెలుసు. గదికీ ఒక లెక్కుంది. గాలిలో తేమ 60 శాతం లోపు ఉండాలి, 50 లోపైతే మరీ మంచిది. కొలిచే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. నిజాంసాగర్ నీళ్లు పారే ఊళ్లలో వానాకాలం తాగిన గోడ ఆరకముందే చలి వస్తుంది. కిటికీలు మూసేస్తాం. వేడినీళ్ల స్నానాల ఆవిరి, అన్నం ఉడికిన ఆవిరి, లోపలే ఆరేసిన బట్టల తడి, నలుగురి ఊపిరి, అన్నీ వెళ్లి చల్లటి గోడకే పడతాయి. బీరువా వెనక గాలి ఆడదు కాబట్టి బూజు అక్కడే మొదలవుతుంది. బీరువాను జానెడు ముందుకు జరపండి. ఎండెక్కాక ఎదురెదురు కిటికీలు ఓ గంట తెరవండి. స్నానాల గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. స్లాబు కారుతున్నా, గోడలో పైపు చెమ్మగిల్లుతున్నా ముందు మేస్త్రీని పిలవండి. లేకపోతే మిగతా పనంతా వృథా.

నల్లచుక్కలను పొడి చీపురుతో దులపకండి, గదంతా రేగుతుంది. ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకుని సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టండి. పాపను అప్పుడు బయటికి పంపండి. బ్లీచింగ్ పౌడర్ వాడితే అందులో యాసిడ్ కలపొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది. తడి ఆరకుండా పైన రంగు వేయించడం డబ్బు దండగ. నన్నడిగితే పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ల కన్నా మన పాత సున్నమే నయం: దాని క్షారానికి బూజు అంత తేలిగ్గా పెరగదు, గోడా ఆరుతుంది.

పాపను పిల్లల డాక్టరుకు చూపించండి. ఉబ్బసమని తేలితే స్పేసర్‌తో ఇన్‌హేలర్ ఇస్తారు. అది అలవాటైపోతుందన్న మాట పట్టుకుని మధ్యలో మానకండి. డొక్కలు ఎగరేస్తున్నా, మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: చలికాలం నిల్వలో పల్లీలకు బూజు పట్టింది. కడిగి వేయించుకుంటే తినొచ్చా?
- ఒక రైతు, బాన్సువాడ మండలం

జవాబు: వద్దు. అందులో పుట్టే అఫ్లటాక్సిన్ కడిగితే పోదు, వేయించినా పూర్తిగా పోదు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బర్రెకూ పెట్టకండి, ఆ విషం పాలల్లోకి వస్తుంది.