డామినెంట్ అంటే పెత్తనమేనా?

ఈ భాగం చదివిన తరువాత మీరు 'డామినెంట్' అనే ఇంగ్లీషు మాటకు సందర్భాన్నిబట్టి అర్థం చెప్పగలుగుతారు.

"వాడు మరీ డామినేట్ చేస్తున్నాడు" అని మనం తరచు అంటూ ఉంటాం. ఎదుటివారిని నోరెత్తనివ్వకుండా పెత్తనం చేస్తున్నాడని దాని భావం. యజమాని అనే అర్థం గల 'డామినస్' అనే లాటిన్ పదంతో ఈ మాటకు చుట్టరికం ఉంది. కనుక పెత్తనం అనే అర్థం రావడం సహజమే. అయితే అన్ని చోట్లా ఆ అర్థమే తీసుకుంటే పొరపాటు పడతాం.

మన దేశపు 2002 నాటి పోటీ చట్టంలో 4వ సెక్షన్ చూడండి. మార్కెట్టులో ఒక కంపెనీ డామినెంట్ స్థానంలో ఉండటం తప్పు కాదు. ఆ స్థానాన్ని దుర్వినియోగం చేసి అన్యాయమైన ధరలు, షరతులు విధించడమే తప్పు.

జీవశాస్త్రంలో ఈ మాట పెత్తనానికి మరీ దూరంగా జరిగింది. మెండెల్ పొడవు బఠానీ మొక్కలను పొట్టి మొక్కలతో సంకరం చేశాడు. మొదటి తరంలో అన్నీ పొడవు మొక్కలే వచ్చాయి. పొట్టి లక్షణం నశించిందా? లేదు. తరువాతి తరంలో 787 పొడవు మొక్కలతోపాటు 277 పొట్టి మొక్కలు వచ్చాయి. ఆ లక్షణం ఒక తరంపాటు దాగి ఉన్నదన్నమాట. ఈ ఫలితాలు 1866లో అచ్చయ్యాయి. పైకి కనిపించే లక్షణాన్ని ఇంగ్లీషులో డామినెంట్ అనీ, దాగి ఉండేదాన్ని రెసెసివ్ అనీ అంటారు. మన పాఠ్యపుస్తకాలు వీటిని బహిర్గత, అంతర్గత లక్షణాలు అన్నాయి. నిజానికి ఇంగ్లీషు మాటకన్నా మన మాటే విషయాన్ని సూటిగా చెబుతుంది.

డామినెంట్ అంటే మేలైనదనీ, ఎక్కువమందిలో ఉండేదనీ కూడా అనుకోకండి. రక్తం గ్రూపులలో ఎ, బి లక్షణాలు బహిర్గతం, ఓ అంతర్గతం. అయినా ఓ గ్రూపువారు ఎందరో మీకు తెలుసు కదా!

ఈ తేడా తెలియక కాపురాలలో కలతలు వస్తాయి. బిడ్డకు థలసీమియా ఉందని తేలగానే, "మా వైపు అందరం ఆరోగ్యంగా ఉన్నాం, ఇది నీ పుట్టింటి జబ్బే" అని కోడలిని నిందించే ఇళ్లున్నాయి. ఇది అంతర్గత లక్షణం. సాధారణంగా తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిస్తేనే తీవ్రమైన వ్యాధి వస్తుంది. ఒక్కటే ఉన్నవారు మామూలుగా ఆరోగ్యంగానే కనిపిస్తారు. అలాంటి ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. రక్తపరీక్షతో ఈ సంగతి పెళ్లికి ముందే తెలుసుకోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. "ఆ కంపెనీ డామినెంట్ కనుక చట్టం ఉల్లంఘించినట్లే." ఈ వాక్యంలో తప్పేమిటి?

2. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉన్నా బిడ్డకు థలసీమియా ఎలా వస్తుంది? మీ ఇంట్లోవారికి చెబుతున్నట్లు నాలుగు వాక్యాలలో రాయండి.