మన నోట నామబంధం కట్టే తీరు

వ్యాకరణం పుస్తకం భాషకే ఉంటుందనీ, ఇంట్లో మాట్లాడే మాటకు ఉండదనీ అనుకునే పిల్లలు ఇంకా ఉన్నారు. కరీంనగర్ పల్లెల్లో వినబడే ఒక నామబంధాన్ని, అంటే ఒక నామం చుట్టూ చేరిన మాటల గుంపును, మొదటినుంచి కట్టి చూద్దాం. ఆ అపోహ నిలవదు.

1. తలమాటను ఎంచుకోండి: ‘బర్రె’. ఒకటికి మించితే ‘బర్లు’. విభక్తి తప్ప ఇక ఏది చేర్చినా దీని ముందే చేరుతుంది.

2. గుణం చేర్చండి: ‘నల్ల బర్లు’. ఒక్క బర్రెకైనా, పది బర్లకైనా ‘నల్ల’ మారదు. బంటూ భాషల్లో అలా కాదు. స్వాహిలిలో ‘కిసు కికుబ్వ’ అంటే పెద్ద కత్తి. రెండు పెద్ద కత్తులైతే ‘విసు వికుబ్వ వివిలి’. నామం ముందుంటుంది, దాని వర్గాన్ని తెలిపే ‘వి’ గుణానికీ సంఖ్యకూ కూడా అంటుకుంటుంది.

3. సంఖ్య పెట్టండి: ‘రెండు నల్ల బర్లు’. ఇక్కడ మాత్రం మనమూ వర్గం చూస్తాం. బర్లయితే రెండు, పిల్లలైతే ఇద్దరు.

4. చూపుడు మాట: ‘ఆ రెండు నల్ల బర్లు’.

5. ఇంకో నామాన్ని లోపలికి తేవాలంటే దాని రూపం చూసుకోవాలి. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, ఊరు ‘ఊరి’, అంగడి ‘అంగటి’. వ్యాకరణాల్లో దీన్నే ఔపవిభక్తికం అన్నారు. మనం ‘ఇంట్ల, ఊర్ల, అంగట్ల’ అన్నప్పుడు ఆ రూపాలే ‘ల’ ముందు నిలుస్తాయి. ‘అంగట్ల’లో డకారం టకారమైంది ఇందుకే. అది యాస తప్పు కాదు, సూత్రం.

6. వాక్యాన్ని మడవండి. ‘మా పెద్దబాపు అంగట్ల బర్లు కొన్నడు’ అనే వాక్యంలో బర్లను చివరికి జరిపి, క్రియ చివరి ‘డు’ తీసేయండి: ‘మా పెద్దబాపు అంగట్ల కొన్న బర్లు’. కొన్నది ఆమె అయినా, వాళ్లయినా ‘కొన్న’ మారదు. కొనకపోతే ‘కొనని’, ఎప్పుడూ కొంటుంటే ‘కొనే’.

ఇప్పుడు చూపుడు మాట చోటు గమనించండి. ‘అంగట్ల కొన్న ఆ బర్లు’ అంటే చూపు బర్ల మీద ఉంది. ‘ఆ అంగట్ల కొన్న బర్లు’ అంటే చూపు అంగడి మీదికి పోయింది. చోటు మారితే అర్థమే మారింది.

7. విభక్తి: ‘మా పెద్దబాపు అంగట్ల కొన్న ఆ రెండు నల్ల బర్లకు కుడితి పెట్టు.’ ఇంత పొడుగు బంధానికీ ‘కు’ ఒక్కసారే, అదీ తలమాటకే.

8. తలమాట తీసేయండి: ‘నల్లయి, అంగట్ల కొన్నయి’. ఇంతసేపూ మారకుండా ఉన్న గుణం ఇప్పుడు వర్గాన్ని తన మీద వేసుకుంటుంది. ఒక్కటైతే నల్లది, మనిషైతే నల్లోడు, మనుషులైతే నల్లోళ్లు. నామం ఎదుట ఉన్నా స్వాహిలి గుణం చెప్పేదాన్ని, మన గుణం నామం లేనప్పుడే చెబుతుంది.

ఆదిలాబాద్ వైపు పోతే వర్గాల గీత జరుగుతుంది. తెలుగులో ‘ఆమె వచ్చింది, బర్రె వచ్చింది’ ఒకటే రూపం. బహువచనంలో ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి ‘వచ్చిండ్రు’, బర్లు ‘వచ్చినయి’. అక్కడి గోండి, కొలామి భాషల్లో మాత్రం అందరూ ఆడవాళ్లే ఉన్న గుంపు బహువచనంలోనూ మగవాళ్ల రూపంలో చేరదు, జంతువులూ వస్తువులూ తీసుకునే రూపమే తీసుకుంటుంది. ఇది గౌరవానికి సంబంధించింది కాదు, వర్గీకరణ వేరు. గోండి మీద పి.ఎస్. సుబ్రహ్మణ్యం రాసిన వర్ణనాత్మక వ్యాకరణాన్ని అన్నామలై విశ్వవిద్యాలయం 1968లో ప్రచురించింది. కొలామి మీద భాషావేత్త ఎమెనో రాసిన పుస్తకం 1955లోనే వచ్చింది.

పంతుళ్లు ఈ మెట్లను తరగతిలో ఎక్కించాలి. తలమాట ఒకటి ఇచ్చి, మిగతావి పిల్లల ఇంటి మాటల్లోంచే తీసుకోవాలి. ఉట్నూరు, జైనూరు బడుల్లో గోండి పిల్లలు తమ మాటలో కట్టింది తెలుగు పక్కనే పలకమీద రాయించాలి. తన మాటకు సూత్రముందని ఎరిగిన పిల్ల పుస్తకం భాషను కూడా బెరుకు లేకుండా నేర్చుకుంటుంది.