ఎండ ఒకటే, కల్లం వేరు

బళ్ళారిలో ఫొటో స్టూడియో పెట్టి నలభై ఏళ్లు దాటింది. మొన్న మా అక్క మనవడు వచ్చి, "తాతా, ఎన్ని మెగాపిక్సెళ్ల కెమెరా కొనమంటావు?" అన్నాడు. వాడికి చెప్పినవే ఇవి.

1. మెగాపిక్సెళ్లు కాదురా, ముందు సెన్సర్ కొలత అడుగు. సిరుగుప్ప దారిలో మిరపకాయలు ఆరబోస్తారు, చూశావు గదా. ఐదు సెంట్ల కల్లం ఉన్నోడికీ అరెకరం ఉన్నోడికీ ఎండ ఒకటే. సాయంత్రానికి ఎవరి కాయలు ఎక్కువ ఎండుతాయి? ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అయితే దాదాపు 367. చాలా ఫోన్లలో వచ్చిన ఒక సెన్సర్ 24 చిల్లర. కల్లంలో గీతలు గీసి వంద మళ్లు చేస్తే ఎండ పెరుగుతుందా? మెగాపిక్సెళ్లు ఆ గీతలే.

2. మిట్టమధ్యాహ్నం కోటగుట్ట తీస్తే ఫోనుకీ పెద్ద కెమెరాకీ తేడా పట్టుకోవడం నాకే కష్టం. తెల్లవారుజాము ముహూర్తానికి రా, అప్పుడు తెలుస్తుంది. పెళ్లికూతురి జడలో మల్లెలు బాగానే వస్తాయి. వాటి మధ్య నల్లజుట్టులో మాత్రం ఎర్రవీ పచ్చవీ రవ్వలు లేస్తాయి. అదే నాయిస్. ఏపీఎస్-సీలో ఐఎస్ఓ 1600కి కనిపించే గరుకు, అదే తరం ఫుల్ ఫ్రేమ్‌లో 3200 దాటాక గానీ రాదు. ఇప్పటి ఫోన్లు నాలుగైదు ఫ్రేములు కలిపి దాన్ని తుడిచేస్తాయి. ఒప్పుకుంటా. కానీ తలంబ్రాలు పోసే చెయ్యి ఆగదు గదా!

3. పెద్ద కొలత కొత్త మోజేం కాదు. 1856లో గ్రీన్‌లా అనే ఆంగ్ల సైన్యాధికారి హంపిని మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌ల మీద తీశాడు. ఒక్కోటి సుమారు 16×18 అంగుళాలు! నెగటివ్ ఎంతో ప్రింటూ అంతే, ఎన్‌లార్జ్ చేసే పనే లేదు. 1980ల్లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ అవే చోట్ల నిలబడి మళ్లీ తీశాడు. హంపి 2021లో విజయనగర జిల్లాలోకి పోయింది గానీ, మా నోటికి ఇంకా బళ్ళారి హంపే. నేను పని నేర్చిన యాషికాలో కూడా ఫిల్ము చదరం 56×56 మిల్లీమీటర్లు, నేటి ఫుల్ ఫ్రేమ్‌కి మూడున్నర రెట్ల పైమాటే.

4. "ఒక అంగుళం సెన్సర్" అంటే స్కేలు పట్టుకోకు. అది 13.2×8.8 మిల్లీమీటర్లే. పాత టీవీ కెమెరా గాజుగొట్టం బయటి కొలత పేరుగా మిగిలిపోయింది.

5. పెద్ద సెన్సర్ తంటా కూడా పెద్దదే. కొత్తగా ఫుల్ ఫ్రేమ్ కొన్న ఏడాది, ఒక పెళ్లిలో మూడు వరసల గ్రూపు ఫొటోని లెన్సు కన్ను బార్లా తెరిచి, ఎఫ్ 1.8లో కొట్టేశాను. నా పాత కెమెరాలో చిన్న సెన్సర్, ఫోకస్ లోతు ఎక్కువ కాబట్టి ఏదో గట్టెక్కేదేమో. ముందు వరసలో పిల్లలు అద్దంలా వచ్చారు, వెనక నిలబడిన పెద్దాయన మీసం మబ్బైపోయింది. ఆల్బమ్ ఇచ్చిన రోజు ఆ ఇంట్లో కాఫీ కూడా దొరకలేదు. గ్రూపుకి ఎఫ్ 8 పెట్టు. అప్పుడు వెలుతురు తగ్గి ఐఎస్ఓ పెరుగుతుంది. పెద్ద సెన్సర్ లాభంలో సగం అక్కడే హరించుకుపోతుంది.

6. సండూరు గనుల వైపు లెన్సు విప్పకు. ఇనుపరాయి దుమ్ము సెన్సర్ మీద కూర్చుంటే, ఎఫ్ 16లో ఆకాశం నిండా పొక్కులే. నోటితో ఊదితే ఉమ్మి కూడా పడుతుంది. రబ్బరు బ్లోయర్ జేబులో పెట్టుకో.

7. దరోజి ఎలుగుబంట్ల కోసమైతే లెక్క మారుతుంది. సాయంత్రం అవి అక్కడ రాళ్లకి పూసిన బెల్లం నాకడానికి వస్తాయి. నల్ల జంతువు, పైగా మసక వెలుతురు, చాలా దూరం. ఏపీఎస్-సీలో 300 లెన్సు 450 చూపు ఇస్తుంది. "ఫుల్ ఫ్రేమ్‌లో అదే లెన్సుతో తీసి చుట్టూ కోసుకుంటే?" అన్నాడు వాడు. కోసిన కల్లం కూడా చిన్నదే గదరా అన్నా. కాసేపు ఆలోచించి, తన దగ్గరున్న పాత ఏపీఎస్-సీ కెమెరానే ఉంచుకుని లెన్సు ధర కనుక్కోవడానికి పోయాడు.